ఒక పక్కే రాసిన పద్దు

2025 డిసెంబరులో రూపాయి డాలరుకి 90 దాటిన రోజు సాయంత్రం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. భీమవరం అవతల వాడికి పదెకరాల రొయ్యల చెరువులున్నాయి. పక్కనే ఇంకో పదెకరాలు లీజుకొచ్చాయట. "మావయ్యా, డాలరు తొంభై దాటేసింది. మన సరుకు అమెరికాకే కదా వెళ్లేది. ఇప్పుడు సీడు వదిలితే వేసవికి పట్టుబడి. తీసేసుకోనా?" అన్నాడు.

ఆ గొంతులో ఉత్సాహం విని నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. పన్నెండేళ్ల కిందట సరిగ్గా అదే మాట, అదే గొంతుతో నేను అన్నాను. ఫోన్లో వాడికి రెండు ముక్కలు చెప్పాను గానీ, పూర్తిగా చెప్పాలంటే నా తప్పు మొదట్నుంచీ చెప్పాలి.

2013లో నాకు ముప్పై నాలుగేళ్లు. మా ఊరు భీమవరానికీ సముద్రానికీ మధ్య. నాన్నగారి హయాంలోనే వరి చేలు చెరువులయ్యాయి. తొంభైల్లో టైగర్ రొయ్యని వైట్ స్పాట్ తెగులు తుడిచిపెట్టినప్పుడు దెబ్బ తిని చేపల్లోకి వెళ్లాం. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ రొయ్యల్లోకి దిగాం. 2012, 13 నాటికి థాయ్‌లాండ్‌ చెరువుల్లో ఈఎంఎస్ అనే జబ్బు పడి అక్కడి దిగుబడి కూలిపోయింది. అమెరికా వాళ్లకి రొయ్య కావాలి, అది మన దగ్గరుంది. రేట్లు పెరగడానికి పెద్ద కారణం అదే. నాకు మాత్రం డాలరు ఒక్కటే కనపడింది.

ఆ ఏడాది మే మొదట్లో డాలరు 54 రూపాయల దగ్గరుంది. జూన్, జులై గడిచేసరికి 60 దాటింది. పొద్దున్నే పేపరు రాగానే నేను వాణిజ్యం పేజీ తీసి ఆ ఒక్క అంకె చూసేవాణ్ణి. చెరువు గట్టు మీద మకాంలో ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ప్రతి పేజీ నెత్తిన ఆ రోజు డాలరు రేటు రాసేవాణ్ణి. కింద నా లెక్క. అమెరికాలో కిలో ఎనిమిది డాలర్లు అనుకుంటే, 54 చొప్పున 432 రూపాయలు. 68 చొప్పున 544. కిలోకి 112 రూపాయలు ఊరికే వచ్చినట్టే. టన్నుకి లక్షా పన్నెండు వేలు. ఇలా ఎన్ని టన్నులకైనా గుణించుకోవచ్చు. నేను గుణించుకున్నాను కూడా.

ఆగస్టు 28న రూపాయి 68 దాటింది. అప్పటిదాకా అంత కింద ఎప్పుడూ పడలేదు. నేను ఆ సాయంత్రం భీమవరం నుంచి కాజాలు కొనుక్కుని ఇంటికొచ్చాను. ఈ మాట ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. దేశం రూపాయి పడిపోతే మిఠాయి కొన్నాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అన్నయ్య అరుగు మీద కూర్చునున్నాడు. వాళ్లబ్బాయి ఆ నెలలోనే ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. సెమిస్టరు ఫీజు పది వేల డాలర్లు పంపాలి. మేలో లెక్కేసుకున్నప్పుడు అయిదు లక్షల నలభై వేలు. ఆ రోజు రేటుకి ఆరు లక్షల ఎనభై వేలు. బ్యాంకు లోను ఆ తేడాకి సరిపోలేదు. "లక్షా నలభై వేలు ఎక్కడ్నుంచి తేనురా?" అన్నాడు.

ఒకే ఇల్లు, ఒకే డాలరు. అక్కడే నాకు అర్థం కావాల్సింది. నేను కాజాల పొట్లం విప్పుతూ, "నీకు పోయింది నా పట్టుబడిలో పూడిపోద్దిలే అన్నయ్యా" అన్నాను. అన్నయ్య కాజా తీసుకోలేదు.

వారం తిరక్కుండా నా ఎనిమిదెకరాలకి తోడు మరో పన్నెండు లీజుకి తీసుకున్నాను. రైతు లీజు పెంచి అడిగాడు. "డాలరు చూశారు కదండి" అన్నాడు. చూశాను కాబట్టే ఒప్పుకున్నాను. మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టాం. రూపాయి పడినప్పుడు బంగారం ధర పెరుగుద్ది కాబట్టి అవే గాజుల మీద ఎక్కువ అప్పు పుట్టింది. అదీ మంచి శకునమే అనుకున్నాను. మేతకి డీలరు దగ్గర అరువు. పైగా మా బావమరిదిని కూడా ఒప్పించి నాలుగెకరాలకి వాటా పెట్టించాను. నా తప్పుల్లో నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అది.

సెప్టెంబరు మొదట్లో సీడు వదిలాం. అదే వారంలో, 4న, రఘురామ్ రాజన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా వచ్చారు. ప్రవాస భారతీయుల డాలరు డిపాజిట్లు రప్పించేందుకు బ్యాంకులకి ప్రత్యేక వెసులుబాటు ఇచ్చారు. నెల తిరిగేసరికి డాలరు 62, 63 దగ్గరికి దిగింది. నా లీజు మాత్రం 68 దగ్గర రాసుకున్నదే.

అక్టోబరు మొదటి వారంలో కేంద్ర మంత్రివర్గం రాష్ట్ర విభజనకి ఒప్పుకుంది. దానికి నిరసనగా సీమాంధ్రలో విద్యుత్ ఉద్యోగులు సమ్మెకి దిగారు. ఊళ్లకి ఊళ్లు చీకట్లో మునిగాయి. ఏరియేటర్లు ఆగితే రొయ్యకి ఆక్సిజన్ అందదు, తెల్లారేసరికి చెరువు అంచున తేలుద్ది. రాత్రంతా జనరేటర్లే. డీజిల్ డ్రమ్ముల మీద డ్రమ్ములు. ఆ ఏడాది జనవరి నుంచి డీజిల్ ధర నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచుతున్నారు. అయినా ఆయిల్ కంపెనీల నష్టం పూడలేదు, ఎందుకంటే ముడిచమురు కొనేది డాలర్లలో. ఆ రాత్రుళ్లు జనరేటరు పక్కన నులక మంచం మీద పడుకుని కూడా, నేను తాగిస్తున్నది డాలరునే అని నాకు తట్టలేదు.

నవంబరు 22న హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. వానకి నీళ్లు చల్లబడ్డాయి, ఉప్పదనం పడిపోయింది. లీజు చెరువుల్లో వైట్ స్పాట్ కనపడింది. నలభై కౌంటుకి, అంటే కిలోకి నలభై తూగే సైజుకి, పడదామనుకున్న సరుకుని ఎనభై కౌంటుకే ఆదరాబాదరా పట్టి ఇచ్చేశాం. ఈ నష్టానికి రూపాయిని తప్పుపట్టను. తుఫాను తుఫానే, తెగులు తెగులే.

నాకు కళ్లు తెరిపించింది చచ్చిన చెరువు కాదు, బతికిన చెరువు.

సొంత ఎనిమిదెకరాలు నిలబడ్డాయి. డిసెంబరు ఆఖర్న నలభై అయిదు కౌంటుకి పట్టాం. సరుకు బాగుంది. రేటు కూడా, నిజం చెప్పాలంటే, అంతకుముందు మేం ఎన్నడూ చూడని రేటు. ఆ రాత్రి మకాంలో దీపం పెట్టుకుని లెక్క చూసుకుంటే పెట్టుబడి పోగా మిగిలింది కిందటేడాది మిగిలినదానికంటే తక్కువ. మళ్లీ కూడి చూశాను. అదే వచ్చింది.

నా డాలరు పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. ప్రతి పేజీలో ఎడమ పక్క నిండుగా ఉంది: కిలోకి ఎన్ని డాలర్లు, డాలరుకి ఎన్ని రూపాయలు. కుడి పక్క ఖాళీ. ఆ ఖాళీ పక్కన మేత డీలరు ఇచ్చిన బిల్లులు ఒక్కొక్కటే పెట్టి చూడటం మొదలెట్టాను.

మేతలో ఉండేది సోయా పిండి, చేపల పొడి. సోయా పండేది మన దేశంలోనే, కానీ సోయా పిండి విదేశాలకీ వెళ్తుంది. రూపాయి పడితే బయట అమ్ముకోవడమే లాభం కాబట్టి మనకీ అదే ధర అడుగుతారు. సీడు వచ్చేది మన తీరంలోని హేచరీల నుంచే, కానీ తల్లి రొయ్యలు హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో విమానంలో చెన్నై వచ్చి, అక్కడ క్వారంటైన్‌లో ఉండి హేచరీకి చేరతాయి. వాటికి కట్టేది డాలర్లే. డీజిల్ సంగతి చెప్పాను. వడ్డీ కూడా అంతే. రూపాయిని నిలబెట్టడానికి ఆ జులైలోనే రిజర్వు బ్యాంకు డబ్బు బిగించింది. బజార్లో అప్పు ఖరీదైంది. నేను మన ఊరి ఖర్చులనుకున్నవాటిలో సగం సముద్రం దాటి వచ్చినవే.

ఎడమ పక్క లెక్కా తప్పే. 112 రూపాయలు మొత్తం చెరువు గట్టుకే వస్తుందనుకున్నాను. కొనే కంపెనీల్లో చాలామంది డాలరు రేటుని నెలల ముందే బ్యాంకుతో ఖాయం చేసుకుంటారని నాకు తెలీదు. రూపాయి పడగానే అమెరికా కొనుగోలుదారుడు "మీకు ఎక్కువ గిడుతోంది కదా, నాకు తగ్గించండి" అంటాడని కూడా తెలీదు. ఆ వేసవిలో ఇండోనేసియా రుపయ్యా కూడా మన రూపాయితోపాటే పడింది. వాళ్లూ అమెరికాకి రొయ్యలు అమ్మేవాళ్లే. అందరూ ఒక మెట్టు దిగితే ఎవరు ముందున్నట్టు?

సంక్రాంతికి నరసాపురం దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమె నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఆ లేసూ విదేశాలకే వెళ్తుంది. "అత్తా, డాలరు బాగా పెరిగింది కదా, కూలేమన్నా పెంచారా?" అని అడిగాను. సూది ఆపకుండానే చెప్పింది: "పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే అబ్బాయ్. పామాయిలు పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది. లేసు డాలర్లకి అమ్ముడుపోద్దంటావు. నా దగ్గరికి ఆ డాలరు ఎప్పుడూ రాలేదు. పామాయిలు డాలరు మాత్రం తప్పకుండా వచ్చింది."

నేను పుస్తకంలో ఒక రాత్రంతా కూడి తెలుసుకున్నది ఆమెకి వంటింట్లోనే తెలుసు. పెరిగిన డాలరు అమ్మకం వైపు నుంచి వస్తే దారిలో చాలామంది చేతులు మారుతుంది. కొనుబడి వైపు నుంచి వస్తే నేరుగా మన గడపలోకే వస్తుంది.

ఆ తర్వాతే నేను రూపాయి ఎందుకు పడిందో చదివాను. అంతకుముందు పడిందన్న సంతోషమే గానీ ఎందుకన్న ప్రశ్న లేదు. 2012-13లో మన దేశం కరెంటు ఖాతా లోటు జీడీపీలో 4.8 శాతం. అంటే చమురు, బంగారం వగైరా కొనడానికి మనం బయటికి పంపిన డాలర్లు, మనకి వచ్చినవాటికంటే అంత ఎక్కువ. ఆ లోటుని విదేశీ పెట్టుబడులు పూడుస్తూ వచ్చాయి. 2013 మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ, తాము వదులుతున్న డబ్బుని తగ్గించే రోజు రావచ్చని సూచించగానే ఆ పెట్టుబడులు వెనక్కి మళ్లాయి. నేను కాజాలు కొన్నది ఒక జ్వరం చూసి. ఒళ్లు వెచ్చబడితే బలం వచ్చిందనుకున్నాను.

రూపాయి పడితే ఎవరికీ లాభం లేదని చెప్పను. కోనసీమ నుంచి కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసి డబ్బు పంపే ఆడవాళ్ల కుటుంబాలకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. పామాయిల్ తోటలున్న మెట్ట రైతుకి గెలల ధర పెరుగుతుంది, ఎందుకంటే అది దిగుమతి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. రాబడిలో డాలరుండి ఖర్చులో లేనివాడికే నిజమైన లాభం. నాకు రెండు పక్కలా ఉంది.

ఇంకోటి. ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రొయ్య అమ్మే దేశం ఈక్వడార్. 2000లోనే వాళ్లు సొంత కరెన్సీ మానేసి అమెరికా డాలరునే వాడుకుంటున్నారు. పడటానికి వాళ్లకి రూపాయే లేదు. పల్చగా సీడు వదలడం, జబ్బుని తట్టుకునే తల్లి రొయ్యల్ని తామే తయారుచేసుకోవడం, అలా మనల్ని దాటారు. చౌక రూపాయి మీద నిలబడే వ్యాపారానికి ఇంతకంటే పెద్ద జవాబు లేదు.

మా బావమరిది డబ్బు తిరిగివ్వడానికి నాకు మూడేళ్లు పట్టింది. గాజులు నాలుగో ఏడు విడిపించాను.

ఫోన్లో మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు గానీ, చివర్న ఒక మాట గుర్తుచేశాను. అప్పటికి అమెరికా మన సరుకు మీద సుంకం 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతానికి పెంచి ఉంది. పాత డ్యూటీలు దాని మీద అదనం. రూపాయి 90కి దిగినా ఆ గోతిని అది పూడ్చలేదు. "లీజు రాసే ముందు పుస్తకంలో రెండు పక్కలూ నింపి నాకు చూపించరా" అన్నాను.

మీకూ అదే మాట. రొయ్యలే కానక్కర్లేదు. పిల్లాడి చదువుకి అప్పు తీస్తున్నా, దుకాణానికి సరుకు దింపుతున్నా, ఎగుమతి కంపెనీ షేర్లు కొంటున్నా, డాలరు రేటు చూసి నిర్ణయం తీసుకోకండి. ముందు మీ ఖర్చుల్లో డాలరు ఎన్ని చోట్ల ఉందో వెతికి రాయండి. డీజిల్లో ఉంటుంది, నూనెలో ఉంటుంది, మేతలో ఉంటుంది, వడ్డీలో ఉంటుంది. కుడి పక్క నిండాకే ఎడమ పక్క చూడండి.