మా హాల్లో మామగారి గొంతు

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు సామాను సర్దకముందే ఒకసారి హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. టప్‌మని ఆగిపోతే మీరు అదృష్టవంతులు. మా ఇంట్లో ఖంగుమని ఈ గోడకూ ఆ గోడకూ తగిలి వచ్చేది. గృహప్రవేశం రోజు చుట్టాలంతా "గుడిలో మోగినట్టు మోగుతోందే" అని మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. నేలకు గ్రానైటు, పెద్ద అద్దాల కిటికీలు, నున్నటి గోడలు... తుడుచుకోను సులువని ఏరికోరి వేయించుకున్నది నేనే మరి!

అందులోని కష్టం మా అత్తగారి క్యాసెట్టుతో బయటపడింది.

మా మామగారు నా పెళ్లికి రెండేళ్ల ముందే పోయారు. నేను ఆయన్ని చూడలేదు. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో హరిశ్చంద్రుడి వేషం కట్టేవారట. 1992 ఉగాది రాత్రి ఎవరో టేప్‌రికార్డరు పెట్టి కాటిసీను పద్యాలు పట్టారు. ఆయన గుర్తుగా మిగిలిన గొంతు అదొక్కటే. బెంగళూరులో ఉద్యోగం చేసే మావాడు ఆ క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక యాంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు కొనుక్కొచ్చాడు. ఇంటిలోను తీరకుండానే ఈ పాటల పెట్టెలేమిటని మావారు రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. అదలా ఉంచండి.

అత్తగారిని గోడవారగా ఆవిడ కుర్చీలో కూర్చోబెట్టి పద్యం పెట్టాడు. హార్మోనియం గుయ్యిమని మోగింది. దానికింద గొంతు మునిగిపోయింది. మాట ముగిసేలోగానే వెనకటి మాట వచ్చి మీద పడుతోంది. ఆవిడ కాసేపు విని, "ఇది మీ మామ గొంతు కాదు లేమ్మా. ఎవురో బాయిలో నుంచి అరిచినట్టుండాది" అని లేచి లోపలికి పోయింది. వాడి ముఖం చూడలేకపోయాను.

అదే క్యాసెట్టు పల్లెలోని పాత మట్టిమిద్దెలో చిన్న టేప్‌రికార్డరులో ఎంత తేటగా వినబడేదో! మన అనంతపురం సీమలో వానలు తక్కువ కాబట్టి దూలాలమీద కట్టెలు పరిచి, మట్టి వేసి, పైన చౌడు కప్పితే మిద్దె నిలిచేది. మందపాటి మట్టిగోడలు, మూలన శనక్కాయల బస్తాలు, దండేనికి బట్టలు, మడతపెట్టిన బొంతలు. సద్దును అవన్నీ తాగేసేవి. ఇప్పుడు బస్తాలు పేర్చేంత పంట ఎక్కడుంది లెండి.

మావాడు వదల్లేదు. యాంప్లిఫయరుతోపాటు వచ్చిన చిన్న మైకు తీశాడు. దీన్ని రూమ్ కరెక్షన్ అంటారట, అంటే గది తప్పును దిద్దడం. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ వాళ్లూ, అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లూ చేసిన పరిశోధనల్లోంచి ఇలాంటివి బయటికొచ్చాయని చెప్పాడు. మే నెల ఎండలో ఫ్యాన్లు ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు, నన్ను గాజులు కూడా కదిలించవద్దన్నాడు. మైకును మూడుకాళ్ల స్టాండుకు బిగించి, అత్తగారి చెవి ఎత్తులో ముందు ఆవిడ కుర్చీ దగ్గర, తర్వాత చుట్టూ మరో ఏడు చోట్ల నిలిపాడు. ప్రతిచోటా స్పీకర్లు సన్నం నుంచి లావుకూ, లావు నుంచి సన్నానికీ కూ... అని కూశాయి. మధ్యలో పక్కింటి కుక్కర్ విజిలేస్తే మళ్లీ మొదటికొచ్చాం. చెమటతో నా జాకెట్టు తడిసి ముద్దయింది.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. సద్దు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మా హాలు 12 అడుగుల వెడల్పు. ఆ రెండు గోడల మధ్య సరిగ్గా ఇమిడే సద్దులు సెకనుకు 47 సార్లు, 94 సార్లు ఊగేవట. అవి గదిలో పేరుకుని ఉబ్బుతాయి. మగవాళ్ల గొంతులో అడుగు శ్రుతి ఆ 94కి దగ్గరే. గోడవారన కూర్చుంటే ఆ మోత ఇంకా ఎక్కువ. యంత్రం ఆ ఉబ్బును కొలిచి, పాటలో అంత మేరకు ముందే తగ్గించి పంపుతుంది. మా బోరు నీళ్లు ఉప్పన. పప్పులో ఉప్పు తగ్గించి వేస్తాను. అంతే సంగతి!

అయితే సద్దు అసలే వినబడని చోట్లు కూడా గదిలో ఉంటాయట. అక్కడ ఎంత పెంచినా ఓటికుండలో నీళ్లు పోసినట్టే. అందుకని కుర్చీని గోడనుంచి రెండడుగులు ముందుకు జరిపాం. పైసా ఖర్చులేని పని.

మళ్లీ పెట్టాడు. గుయ్యిమనే మోత పోయింది, నిజమే. కానీ మాట వెనక మాట తోక ఇంకా ఉంది. "అమ్మా, అది ఈ మిషనుతో పోదు. గోడలే తాగాలి" అన్నాడు వాడు. అమెరికాలో సబైన్ అనే ప్రొఫెసరుకు 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఇదే చిక్కు వచ్చిందట. కొత్త లెక్చర్ హాల్లో మాట్లాడితే సద్దు అయిదు సెకన్లకు పైగా ఆగేది కాదు. ఆయన పక్క థియేటరు నుంచి రాత్రిళ్లు కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత తగ్గిందో గడియారం పెట్టి కొలిచాడట.

మెత్తలు అనగానే నాకు అటకమీది బొంతలు గుర్తొచ్చాయి. అత్తగారు పాత నూలుచీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి, ఒక్కోటి ఎత్తాలంటే నడుం పట్టుకుంటుంది. కొత్తింట్లో పరువు తక్కువని నేనే అటకెక్కించాను. రెండు దించి, ఎండలో వేసి దులిపి, స్పీకర్లకు ఎదురుగోడకు కర్రచట్రం కట్టించి వేలాడదీశాం. గోడకు ఆనించకుండా జానెడు సందు వదిలితే ఇంకా బాగా పనిచేస్తుంది. పైన నా పాత వెంకటగిరి చీర కప్పితే చూడ్డానికీ బాగానే కుదిరింది. నేలకు మందపాటి జంపఖానా. కిటికీలకు ఆ పల్చటి నైలాన్ కర్టెన్లు తీసేసి దుప్పటిగుడ్డ కుచ్చులు ఎక్కువగా పెట్టి కుట్టాను. బొంతలు లావు మోతను ఆపలేవు, దానికి మిషను కావాలి. మిషను ప్రతిధ్వనిని ఆపలేదు, దానికి బొంత కావాలి.

మైకుతో కొలతలు మళ్లీ మొదటినుంచి. మళ్లీ ఫ్యాన్లు బంద్. ఈసారి మావారే పక్కింటికి వెళ్లి కుక్కరు ఆపించి వచ్చారు!

సాయంత్రం అత్తగారిని బతిమాలి తెచ్చి కూర్చోబెట్టాం. ముందు గోడమీద తన బొంత చూసి, "దీన్నేల యాలగట్టినారు?" అంది. పద్యం మొదలైంది. గొంతు కాస్త కీచుగా, ఎండిపోయినట్టు ఉంది, పాత టేపు కదా. కానీ ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. హార్మోనియం పక్కకు తప్పుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఫొటోలో చూస్తున్న మనిషి గొంతును నేనూ అప్పుడే సరిగ్గా విన్నాను. పద్యం అయ్యాక చప్పట్ల మధ్య రెండుసార్లు దగ్గు వినబడింది. ఇంతకుముందు అది అక్కడుందని కూడా మాకు తెలీదు.

అత్తగారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆటకు ముందు సోడా తాగొద్దంటే ఇన్న్యాడా?" అంది కాసేపటికి. తర్వాత మనవడివైపు తిరిగి, "ఆ దగ్గు కాన్నుంచి ఇంగోసారి పెట్టు నాయనా" అంది.