ఒక మాసపు పఠనము

గడచిన మాసమున మేము మూడు గ్రంథములు ముగించితిమి. మూడింటను మేము వెదకినది యొక్కటియే: తుంగభద్రయొడ్డున మా రాజోలివంటి నేతయూళ్లలో శ్రమించు జనులకును, స్త్రీలకును వానిలో చోటు గలదా?

మొదటిది సురవరము ప్రతాపరెడ్డిగారి “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” (1949). ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల వీరు మా గద్వాల ప్రాంతమువారే. రాజుల జయాపజయములను వెనుకకు నెట్టి, జనుల తిండియు, బట్టయు, ఆటలును, ఆచారములును కావ్యములనుండి యేరి చరిత్రగా గూర్చిరి. అలంకారములకే కావ్యము చదువువారికిది కనువిప్పు.

రెండవది ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి” (1922). మాల కుటుంబమును నాయకస్థానమున నిలిపిన యీ నవలను నాటి మదరాసు ప్రభుత్వము నిషేధించినది. కూలీలపక్షమున నిలిచిన సంగదాసు హతుడగు ఘట్టము చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మూడవది గురజాడవారి “కన్యాశుల్కము”. 1897 నాటి ప్రతిని వారు మిక్కిలి పెంచి 1909లో మరల ప్రకటించిరి. ఈ రెండవ ప్రతిని ఇంట బిగ్గరగా చదివితిమి. గిరీశము మాటలకు నవ్వనివారు లేరు. బుచ్చమ్మ వైధవ్యము తలపునకు రాగానే ఆ నవ్వు ఆగినది.

మూడింటను చోటు గలదు. కాని మగ్గముచెంత కండెలు చుట్టు స్త్రీకి పుస్తకము తెరచు తీరిక యెక్కడిది? ఆమె చేతులకు పనియున్నను చెవులు ఖాళీయే. చదువు నేర్చినవారు దినమునకొక్క పుటయైనను ఇంట చదివి వినిపింతురుగాక! ఎవరి బ్రదుకును గూర్చి వ్రాసిరో వారి చెవి సోకని గ్రంథమును మేము ముగించితిమని యెట్లనగలము?