పోపులపెట్టె, క్యాష్‌బుక్కూ

మన ఇళ్ళల్లో పోపులపెట్టే బ్యాంకు. వేసేదీ మనమే, తీసేదీ మనమే, తగ్గితే బియ్యం డబ్బాలోంచి సర్దేదీ మనమే. అడిగేవారెవరు?

యూనివర్సిటీలో డిపార్ట్‌మెంటు ఆఫీసుకి ఆ వెసులుబాటు లేదు. విద్యార్థి కట్టిన ఫీజులోంచి సెమినారుకొచ్చిన పెద్దమనిషికి కాఫీ తెప్పించకూడదు. వచ్చింది వచ్చినట్టు బ్యాంకుకి పోవాలి. కాఫీకి ఇంప్రెస్టు సొమ్ము వేరు, దానికో వోచరు. రసీదు పాడైతే చింపెయ్యరు, రద్దని రాసి పుస్తకంలోనే ఉంచుతారు.

కేంద్రప్రభుత్వ కార్యాలయాలకు 1983లో చేసిన నియమాలైతే మరీనూ. క్యాష్‌బుక్కులో అంకె చెరపడం, దానిమీదే దిద్దడం నిషేధం. తప్పు అంకె కొట్టేసి, సరైనది ఎర్రసిరాతో రాయమన్నాయి. (మన పద్దుల పుస్తకాలకి ఆ సిరా ఎన్ని సీసాలు కావాలో!) పుస్తకం రాసినవారు కాక వేరొకరు కూడిక సరిచూడాలనీ అన్నాయి.

ఇదే గుమాస్తా అమ్మాయిలకి చివుక్కుమనిపిస్తుంది. "నామీద నమ్మకం లేదా?" అంటారు. నేనైతే, ఒంటరిగా బీరువా తాళంచెవి మోసే ఆడదానికి ఆ రెండో సంతకమే రక్ష అంటాను. అది లేనిచోట సాయంత్రం వంద రూపాయలు తగ్గితే ఏం చేస్తుంది? నోరెత్తదు. సొంత పర్సు తెరుస్తుంది. కూరలకని ఉంచుకున్న ఆ వంద ఏ పద్దులోనూ ఎక్కదు.