గేటు మూసి వెళ్ళండి



ఈ వ్యాసాల్లో ఇప్పటిదాకా విదేశంలో చదువు, ఫీజు, వారాంతం పనులు, గది అద్దె గురించే రాశాను. "అన్నా, ఆ కొండల్లో తిరిగిన కథ ఎప్పుడు చెప్తావు?" అని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడుగుతూనే ఉన్నారు. చెప్తా. కానీ ఇందులోకి మా పేట శ్మశానం దారి కూడా వస్తది. అది లేకుండా ఆ కొండల గురించి రాయటం నాకు చేతకాదు.

స్కాట్లాండులో వెస్ట్ హైలాండ్ వే అని ఒక నడక దారి ఉంది. గ్లాస్గో పక్కన మిల్‌గై అనే చిన్న ఊళ్ళో మొదలై ఉత్తరాన ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు. మే నెలలో నలుగురం కలిసి ఏడు రోజుల్లో నడిచాం. నేను, మదురై నుంచి వచ్చిన దళిత స్నేహితురాలు, హైదరాబాదు తమ్ముడొకడు, గ్లాస్గోలోనే పుట్టి పెరిగిన మిత్రుడు. భుజాన గుడారాలు, బియ్యం, ఒక సీసా గోంగూర పచ్చడి. ఆ సీసా మూడో రోజుకే ఖాళీ. సగం గ్లాస్గో వాడే తిన్నాడు.

రెండో రోజు కోనిక్ హిల్ ఎక్కితే కింద లాక్ లోమండ్ సరస్సు, అందులో వరసగా దీవులు. చూడటానికి ఎంత బాగుంటదో అక్కడి మిడ్జ్‌లు అంత పాడు. నలుసంత ఉంటయి, గుంపుగా వచ్చి చెవుల్లో, కళ్ళల్లో దూరతయి. మన దోమలు వాటికన్నా మర్యాదస్థులు.

కానీ నన్ను పట్టుకున్నది సరస్సు కాదు, గేట్లు. ఆ దారి చాలాచోట్ల గొర్రెలు మేసే పొలాల మధ్య నుంచి పోతది. కంచె, కంచెకో గేటు. తాళం ఉండదు. చిన్న బోర్డు ఉంటది: దయచేసి గేటు మూసి వెళ్ళండి. అంతే. "ఇతరులకు ప్రవేశం లేదు" అని కాదు. వస్తే రండి, మా గొర్రెలు బయటికి పోకుండా చూడండి అని.

నాలుగో రోజు టిండ్రమ్ వైపు నడుస్తుంటే ఒక పొలంలో నాలుగు చక్రాల బండి మీద పెద్దాయన మాకెదురు వచ్చాడు. వెనక కుక్క. దూరం నుంచి చెయ్యెత్తాడు. నా కాళ్ళు ఆగిపోయాయి. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరినడిగి వచ్చారు అన్న మూడు ప్రశ్నలూ నా బుర్రలో అప్పటికే తెలుగులో మోగుతున్నయి. పక్కన మదురై స్నేహితురాలి మొహం చూశా. ఆమె కూడా ఆగిపోయింది. హైదరాబాదు తమ్ముడు మాత్రం ఈలేసుకుంటూ ముందుకు పోతూనే ఉన్నాడు. ఒకే పొలం, ఒకే మనిషి, మా ముగ్గురి కాళ్ళకి మాత్రం వేరే వేరే జ్ఞాపకాలు.

పెద్దాయన దగ్గరికొచ్చి సాయంత్రం వాన పడతదన్నాడు. ఆ మూల పసి గొర్రెపిల్లలున్నాయి, కాస్త దూరంగా నడవమన్నాడు. వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి గుడారంలో గ్లాస్గో మిత్రుణ్ణి కూర్చోబెట్టి అంతా అడిగాను. 2003లో స్కాట్లాండు పార్లమెంటు భూసంస్కరణ చట్టం చేసింది. 2005 నుంచి అమలు. దాని ప్రకారం భూమి ఎవరిదైనా సరే, బాధ్యతగా నడిచే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పర్మిషన్ అక్కర్లేదు. ఇంటి ఆవరణలోకి పోకూడదు. మోటారు బండి వేసుకుని పోకూడదు. పంట ఉంటే తొక్కకూడదు, చేని అంచున పోవచ్చు. గుడారం వేసుకోవచ్చు కూడా. లాక్ లోమండ్ ఒడ్డున కొన్ని చోట్ల మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ తీసుకోవాలి. మేమూ తీసుకున్నాం.

చేని అంచున పోవచ్చు. ఈ మాట దగ్గర నాకు నిద్ర పోయింది.

మా పేట నుంచి శ్మశానానికి ఒక డొంక ఉండేది. నా చిన్నప్పుడు ఎడ్లబండి పట్టేది. పక్క పొలం ఆసామి ఏటా రెండు చాళ్ళు లోపలికి దున్నుతూ దున్నుతూ ఒకనాటికి మొత్తం కలిపేసుకున్నాడు. ఆఖర్న కంచె వేశాడు. మా నాయనమ్మ పోయింది అక్టోబరులో, వరి పొట్టకొచ్చిన రోజుల్లో. "పంట తొక్కుతారు" అని అడ్డం నిలబడ్డాడు. కాలవ గట్టు మీదుగా చుట్టూ తిప్పి, చివర మోకాలి లోతు బురదలో దిగి పెట్టె మోశాం. ముందు మా నాన్న, మా బాబాయి, వెనక నేను, మా మేనత్త కొడుకు. పాస్టరు గారు చెప్పులు ఒక చేత, బైబిలు ఒక చేత పట్టుకుని వెనక వచ్చారు. నాన్న కాలు జారి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. ఆమె బతికినన్నాళ్ళూ ఆ చేలోనే నాట్లేసింది. అప్పుడు పంట తొక్కుడు పడలేదు.

మనకి చట్టం లేదా? ఉంది. దారి హక్కు గురించి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణ తర్వాత మనల్ని శ్మశానం, దారి, నీళ్ళు వాడుకోనీకుండా అడ్డుకోవటం నేరమని అందులోనే రాసి ఉంది. చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ మూడో సెక్షన్ ఒకసారి తీసి చదవండి.

వాళ్ళకీ ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్లో ఇంగ్లండులో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందలమంది యువకులు కావాలని ఎక్కారు. ఎక్కువమంది మాంచెస్టర్ మిల్లుల పక్క కుర్రాళ్ళు. అది దొరలు పిట్టలు వేటాడుకునే కొండ. ఐదుగురికి జైలు శిక్ష పడింది. దానికి ఐదేళ్ళ ముందే, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువుకి మనవాళ్ళని నడిపించారు. ఆ చెరువుని అందరికీ తెరుస్తున్నామని మున్సిపాలిటీ అప్పటికే తీర్మానం చేసి ఉంది. అయినా కొట్టారు. హైకోర్టులో గెలవటానికి 1937 దాకా పట్టింది.

ఈ రెండూ ఒకటే అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. మహద్ చెరువుని పంచగవ్యంతో శుద్ధి చేశారు. కిండర్ కొండని ఎవరూ పేడనీళ్ళతో కడగలేదు. అక్కడ గొడవ ఆస్తి గురించి. ఇక్కడ ఆస్తితో పాటు మన పాదం గురించి.

ఆరో రోజు డెవిల్స్ స్టెయిర్‌కేస్ ఎక్కాం. 550 మీటర్లు, మొత్తం దారిలో అదే ఎత్తు. పైన కూర్చున్నప్పుడు హైదరాబాదు తమ్ముడన్నాడు, "అన్నా, ఇక్కడ కులం లేదు, ఏం లేదు, ఎంత హాయి!" మొదటి రోజే నా ఇంటిపేరు రెండుసార్లు అడిగినవాడు వాడే.

"తమ్ముడూ, కులం నీ సంచీలో పెట్టుకొచ్చావు, బరువు తెలియట్లేదంతే," అంది మదురై స్నేహితురాలు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రోజు ఆమె సంచీ మోస్తానన్నాడు, ఆమె ఇవ్వలేదు.

నేను వాడికి ఇంకోటి కూడా చెప్పాను. ఇంత ఖాళీ ఎందుకుందో తెలుసా? పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఈ హైలాండ్స్‌లో గొర్రెల కోసం కౌలు రైతుల్ని ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు. స్కాట్లాండు పల్లెల్లోని ప్రైవేటు భూమిలో సగం ఇవాళ్టికీ ఐదు వందల మంది లోపు చేతుల్లోనే ఉంది. నడిచే హక్కు వచ్చింది, భూమి రాలేదు. ఎదురుగా కిన్‌లాక్‌లెవన్ పైన బ్లాక్‌వాటర్ ఆనకట్ట. 1900ల మొదట్లో అల్యూమినియం కర్మాగారం కోసం కట్టారు. చచ్చిపోయిన కూలీలకి అక్కడే కొండ మీద చిన్న శ్మశానం, సిమెంటు రాళ్ళు. ఒక రాయి మీద పేరుండాల్సిన చోట "తెలియదు" అని ఉంటది.

పేరు లేకపోయినా రాయి ఉంది, పోవటానికి అడ్డం లేదు అనుకున్నా. మా నాయనమ్మకి పేరుంది, రాయి కూడా వేశాం. క్రిస్మస్‌కి పువ్వులు పెట్టాలంటే ఆసామిని అడగాలి.

ఏడో రోజు వానలో ఫోర్ట్ విలియం చేరాం. అరికాళ్ళు బొబ్బలు. ఫొటో దిగాం, మీరు చూసింది అదే.

తిరిగొచ్చాక మా పేట కుర్రాళ్ళం పాత ఎఫ్‌ఎంబీ నకలు తీయించాం. డొంక అందులో ఉంది, వెడల్పుతో సహా. సోమవారం సోమవారం అర్జీ పెడుతూ ఇది నాలుగో అర్జీ. వచ్చే గురువారం సర్వేయరు వస్తానన్నాడు. గొలుసు పట్టటానికి ముగ్గురం, రాళ్ళు పాతటానికి పదిమందిమి సిద్ధంగా ఉన్నాం. చుట్టుపక్కల ఊళ్ళ మిత్రులు ఎవరన్నా రాగలిగితే పొద్దున ఎనిమిదికల్లా చర్చి దగ్గరికి రండి. చేలో వరి ఉంది. అంచున నడుద్దాం.