పాత కారుకు కొత్త చల్లదనం

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో కనిపించి, అనంతరం 911గా ప్రసిద్ధి కెక్కిన పోర్షే కారు నేటికీ కన్నుల పండువే. కాని మండువేసవిలో, కదలని వాహనాల నడుమ చిక్కుకొంటే, లోపల కూర్చున్నవారికి ఉక్కపోత తప్పదు.

పాత 911లలో ఏసీ కంప్రెసర్‌ను బెల్టు ద్వారా ఇంజనే త్రిప్పుతుంది. ఇంజను మందగిస్తే అదీ మందగిస్తుంది. అవసరమైన వేళకే చల్లదనం కరవవుతుంది. పైగా ఇంజను ఉండేది వెనుకభాగంలో. అక్కడనుండి ముందుకు సాగే పొడవాటి రబ్బరు గొట్టాల గుండా శీతలవాయువు క్రమంగా హరించిపోతుంది.

విద్యుత్ మోటారుతో నడిచే కంప్రెసర్‌కు ఈ పరాధీనత లేదు. దానిని ముందుభాగంలోనే అమర్చవచ్చు, గొట్టాలు కురచవుతాయి. అయితే శక్తి ఊరకే రాదు. 12 వోల్టుల వద్ద 100 ఆంపియర్లంటే 1,200 వాట్లు. ఆ భారం ఆల్టర్నేటర్ ద్వారా చివరకు ఇంజనుపైనే పడుతుంది. పాత ఆల్టర్నేటర్ చాలకపోతే బ్యాటరీ హరించుకుపోతుంది.

యజమానిని వేధించే ప్రశ్న వేరు: ఇన్ని మార్చాక ఇది ఆనాటి కారేనా? నేర్పరియైన పనివాడు దీనికి చేతలతో సమాధానమిస్తాడు. పాత లోహానికి క్రొత్త రంధ్రం పొడవడు. విప్పిన ప్రతి భాగాన్నీ పేరు వ్రాసి భద్రపరుస్తాడు. రేపటి యజమాని కోరితే కారు తొలిరూపం దాల్చగలగాలి. అంతవరకూ అది షెడ్డులో కాక, ఎండలో, రోడ్డు మీద ఉంటుంది.