మామిడి బండ్ల వరస, సిమ్యులా భాష

కృష్ణగిరి పక్క తోతాపురి కాయ దిగే కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు వరస కట్టేది మనవాళ్లందరికీ తెలిసిందే. బండి వచ్చింది, వేబ్రిడ్జి ఎక్కింది, దిగింది, కాయ దించినారు. జరిగేవి ఈ నాలుగే. నడుమంతా కాచుకోవడమే. కంప్యూటరులో దీన్ని ఆడించి చూస్తే అది నిమిషం నిమిషం లెక్కపెట్టదు, ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దుముకుతుంది. మా చిన్నాయన ట్రాక్టరు కింద పడుకున్న రాత్రంతా దానికి ఒక్క దుముకు.

నేను బడిలో చదివింది కన్నడం, చేసేది సాఫ్ట్‌వేరు పరీక్షించే పని. ఇట్లాంటి ప్రోగ్రాములే నా చేతికొస్తాయి. ఆ మాట చెప్పినందుకు చిన్నాయన పోయినేటి తూకం చీటీలన్నీ సంచిలో వేసి ఇచ్చినాడు. "ఈ ఏడు ఫ్యాక్టరీకి తోలాలా, తోటలోనే గుత్తకిచ్చేయాలా, నీ లెక్క ఏం చెబుతాదో చూడురా" అన్నాడు.

ఇట్లాంటి లెక్కల కోసమే 1960లలో భాషలు పుట్టినాయి. ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ చేసిన జీపీఎస్ఎస్‌లో దిమ్మెలు ముందే చేసిపెట్టి ఉంటాయి: బండిని పుట్టించు, తూకాన్ని పట్టుకో, కాసేపు ఆగు, వదులు. వట్టి వరసకైతే బలే సులువు. మన కాయ సంగతి అట్ల కాదు. నిలబడేకొద్దీ మెత్తబడుతుంది, ధర కోస్తారు, విసుగొచ్చి వెనక్కి తిరిగే బండీ ఉంటుంది. దిమ్మెల్లో ఇదంతా పెట్టలేమని కాదు, వంకరటింకరగా పెట్టాల.

ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ మొదట సిమ్యులేషన్‌కే అని సిమ్యులా చేసినారు. 1967 నాటి సిమ్యులాలో దారి మార్చినారు. భాషలో 'క్లాసు' అనే పనిముట్టును పెట్టి, గడియారం, సంఘటనల పట్టీ ఉండే సిమ్యులేషన్‌ను దాంతోనే కట్టిన ఒక క్లాసుగా చేసినారు. దాని మీద మనం 'బండి' కట్టుకోవచ్చు, బండి మీద 'మామిడి బండి'. పాత గుణాలన్నీ వచ్చేస్తాయి, మెత్తబడేది ఒకటి మనం కలిపితే చాలు. కంపైలరును ముట్టే పనే లేదు. కేంబ్రిడ్జిలో సిమ్యులా వాడిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో సీ భాషకు క్లాసులు కలపబట్టినాడు, అదే తర్వాత సీ ప్లస్ ప్లస్ అయింది.

మా జేజి కన్నడపు 'కెలస'కు మన విభక్తి తగిలించి "కెలసానికి పొయినాడు" అనేది. తెలుగు చెడిందని ఆంధ్రా చుట్టాలు నవ్వేవాళ్లు. నాకేమో భాష అట్ల పెరగడమే బాగుందనిపిస్తుంది.

పరీక్షించేవాళ్ల కన్ను మాత్రం ఇంకొక చోట పడుతుంది. ఒకే క్షణాన రెండు బండ్లు వస్తే ఎవరు ముందు? సిమ్యులాలో మామూలుగా పట్టీకి ముందెక్కిన బండిదే వంతు. 'ప్రయర్' అని రాస్తే మాత్రం వెనక రాసుకున్నది ముందుకు పోతుంది. గేటు కాడ తెలిసినోళ్ల బండికి జరిగేదీ అదే, కాకపోతే చీటీ మీద ఎవరూ రాయరు. దాన్ని కూడా మోడల్‌లో పెడతా ఉన్నాను. లేకుంటే సంచిలోని చీటీలకూ నా లెక్కకూ పొంతన కుదరడం లేదు.