చిట్కా తప్పయితే ఎక్కడ చెప్పాలి?

మన ఆఫీసుల్లో ఒక మూఢనమ్మకం ఉంది. దాని మీద ఏ హేతువాద సభలోనూ ఉపన్యాసం విన్న గుర్తు నాకు లేదు. సిబ్బంది తమకి తెలిసింది ఒకరితో ఒకరు పంచుకోవడం లేదని పైవాళ్ళకి అనిపిస్తే చాలు, ఒక సాఫ్ట్‌వేర్ కొంటారు. కొబ్బరికాయ కొడతారు, పెద్దసారు మొదటి మెసేజ్ పెడతారు. ఆరు నెలలకి అందులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగలవు. అప్పుడు "మనవాళ్ళకి నేర్చుకోవాలన్న ఆసక్తే లేదండీ" అని తేల్చేస్తారు. మంత్రం పారకపోతే భక్తుడికి నమ్మకం చాలలేదనడం లాంటిదే ఇదీనూ.

ఒకే పని చేసేవాళ్ళు ఆ పనిలోని కిటుకులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ ఏర్పడే గుంపుని కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్ అంటారు. 1991లో జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ రాసిన పుస్తకంతో ఈ మాట చలామణిలోకి వచ్చింది. వాళ్ళు ఉదాహరణలుగా తీసుకున్నది మేనేజర్లని కాదు. లైబీరియా దర్జీలు, మెక్సికోలోని యుకటాన్ మంత్రసానులు, ఓడలో దారి లెక్కకట్టే నావికులు, మాంసం కోసేవాళ్ళు. నేను దీన్ని పని గుంపు అంటాను. ఇది ఎవరో ఆర్డరు వేస్తే పుట్టేది కాదు. టీ కొట్టు దగ్గర అప్పటికే ఉంటుంది. దానికి ఏ పనిముట్టు ఇవ్వాలన్నదే ప్రశ్న.

ఇక్కడ జిరాక్స్ కథ చెప్పుకోవాలి. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త ఆ కంపెనీలో మెషీన్లు రిపేరు చేసే టెక్నీషియన్ల వెంట తిరిగి, 1996లో ఒక పుస్తకం వేశాడు. మాన్యువల్‌లో లేని రోగాలని వాళ్ళు కథలు చెప్పుకుంటూ పట్టుకుంటున్నారని అతను చూశాడు. భోజనాల దగ్గర "ఫలానా మెషీన్ నన్ను ఎలా ఏడిపించిందంటే" అని మొదలెడితే, అది కబురూ పాఠమూ కూడా. ఆ కంపెనీ పరిశోధకులు మొదట తెలివైన కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి పట్టుకెళ్తే టెక్నీషియన్లకి పెద్దగా నచ్చలేదు. తర్వాత వాళ్ళ చిట్కాలనే పోగుచేసే 'యురేకా' వచ్చింది. ఫ్రాన్స్‌లో దాన్ని మొదలుపెట్టినప్పుడు నడిచింది ఇంటర్నెట్ మీద కూడా కాదు, ఫోను తీగ మీద పనిచేసే పాత మినిటెల్ పెట్టెల మీద.

దాని గొప్ప సాంకేతికతలో లేదు. ఎవరైనా ఒక చిట్కా పంపితే అనుభవమున్న సాటివాళ్ళు పరీక్షించేవారు. నిలబడితే పంపినవాడి పేరుతో సహా అందరికీ చేరేది. చిట్కాకింత అని డబ్బు ఇద్దామంటే టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు పెడితే లెక్క పెరుగుతుంది, నాణ్యత పోతుంది అని. నెలకి మూడు చిట్కాలు టార్గెట్ పెట్టే మన అధికారులు ఈ ఒక్క వాక్యం గోడకి అంటించుకోవచ్చు. యురేకా వల్ల 10 కోట్ల డాలర్లు మిగిలాయని ఒక అంచనా ప్రచారంలో ఉంది. అది నేను నమ్మమని చెప్పను. యురేకా లేకపోతే ఎంత ఖర్చయ్యేదో తెలియకుండా ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది? పోలిక లేని ఆదా లెక్కా, తాయెత్తు కట్టాక తగ్గిన జ్వరమూ ఒక కోవలోవే. కానీ చిట్కాని ముందు పరీక్షించాలన్న పద్ధతి మంచిదనడానికి ఆ 10 కోట్లు అక్కర్లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. మా మేనల్లుడు ఒక పట్టణ శివారు సెక్షన్‌లో జూనియర్ లైన్‌మన్. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఇరవై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన ఒకరు, ఎబి స్విచ్ తీశాక టెస్టర్ పెట్టి చూసుకుంటే చాలు, చిన్న పనికి ఎర్త్ రాడ్లు వెయ్యడం టైం దండగ అని పెట్టాడు. ఏఈ గారు దానికి బొటనవేలి బొమ్మ కొట్టారు. నేను సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి వాడు నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, అది తప్పని నాకు తెలుసు. గ్రూపులో అందరి ముందూ ఎలా అనను?"

ఎందుకు తప్పో చెప్పాలి. టెస్టర్ ఆ క్షణంలో కరెంటు లేదని మాత్రమే చెబుతుంది. పది నిమిషాల తర్వాతి సంగతి దానికి తెలియదు. ఆ లైను కింద ఏ ఫంక్షన్ హాల్లోనో జనరేటర్ వేశారనుకోండి, చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి ఎక్కి 11 కెవి లైను మీదికి వస్తుంది. ఎబి స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి సరిగా విడిపడకపోయినా ప్రమాదమే. ఎల్‌సి తీసుకోవడం, మూడు బ్లేడ్లూ కళ్ళతో చూసుకోవడం, టెస్టర్ పెట్టడం, ఆ తర్వాత పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ చెయ్యడం, ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి కాదు. దసరాకి బ్రేకర్‌కి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టే సబ్‌స్టేషన్లు చూశాను. కరెంటుకి నిమ్మకాయ తెలియదు, సర్వీసూ తెలియదు, ఏఈ హోదా అసలే తెలియదు.

వాడు గ్రూపులో అనలేదు. మూడు రోజుల్లో ఆ మెసేజ్ గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కొట్టుకుపోయింది. చదివినవాళ్ళలో ఎంతమంది నమ్మారో ఎవరికీ తెలియదు. తప్పు మాయమైంది గాని సవరణ పుట్టలేదు. అందుకే ఏ పనిముట్టునయినా ఎంచుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: ఇందులో ఒక తప్పు చిట్కా పడితే దాని గతి ఏమవుతుంది? సవరణ దాని పక్కనే నిలబడుతుందా? రెండేళ్ళ తర్వాత చేరిన కుర్రాడికి ఆ రెండూ కలిసి కనబడతాయా?

ఈ పరీక్షలో వాట్సాప్ తప్పుతుంది. ముచ్చట్లకి అంతకన్నా మంచిది లేదు, అందరి చేతిలోనూ ఉంది, పదో తరగతి ఆపేసినవాడు కూడా వాయిస్ మెసేజ్‌లో చక్కగా చెప్పగలడు. కానీ ఆ వాయిస్‌ని తర్వాత వెతికి పట్టుకోవడం కష్టం. రాసేవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక రకంగా రాస్తారు, కాబట్టి 'ఎర్తింగ్' అని వెతికితే సగం దొరకవు. పైగా 2022 నుంచి గ్రూపు అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసెయ్యగలడు. అడ్మిన్ పై అధికారే అయితే చెప్పేదేముంది.

ఓట్లు వేసే ప్రశ్నోత్తరాల సాఫ్ట్‌వేర్లు ఇంకొన్ని ఉన్నాయి. ప్రోగ్రామర్లకి పనికొచ్చాయి, ఎందుకంటే అక్కడ జవాబు తప్పయితే కంప్యూటరే వెంటనే చెప్పేస్తుంది. స్తంభం మీద తప్పు జవాబు వందసార్లు పనిచేసి నూట ఒకటోసారి చంపుతుంది. ఓట్లు ఆ వందసార్లనే లెక్కపెడతాయి.

మన దేశంలోనే మంచి నమూనా ఒకటి నడిచింది. 2005లో ఐక్యరాజ్య సమితి సంస్థలు ఇక్కడ 'సొల్యూషన్ ఎక్స్ఛేంజ్' మొదలుపెట్టాయి. నీళ్ళు, తల్లీబిడ్డల ఆరోగ్యం లాంటి రంగాల్లో పనిచేసేవాళ్ళు మామూలు ఈమెయిల్‌లో ప్రశ్న అడిగేవారు, దేశం నలుమూలల నుంచి తోటివాళ్ళు జవాబులిచ్చేవారు. వాటన్నిటినీ ఒకచోట కూర్చి, సారాంశం రాసి పంపడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు. ఖర్చంతా అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడి కొటేషన్‌లో ఆ మనిషి జీతం ఉండదు, కాబట్టి మన బడ్జెట్‌లోనూ ఉండదు. వెంగర్ కూడా నాన్సీ వైట్, జాన్ స్మిత్‌లతో కలిసి 2009లో రాసిన పుస్తకంలో గుంపులోంచే ఒకరు పనిముట్ల బాగోగులు చూసుకోవాలంటాడు. మన భాషలో చెప్పాలంటే, చెరువుకి నీరుకట్టు ఉన్నట్టు.

చిట్కాకి పేరు ఉండాలన్నాను కదా, దానికో మినహాయింపు. "నిన్న నేను ఎర్త్ వెయ్యడం మర్చిపోయి బతికి బయటపడ్డాను" అనే మాటకి పేరు పెట్టమంటే కాంట్రాక్టు కార్మికుడు ఎవడూ నోరు విప్పడు. అమెరికాలో పైలట్లు ఇలాంటివి చెప్పుకోవడానికి 1976 నుంచి నాసా ఒక వ్యవస్థ నడుపుతోంది. పేర్లు తీసేసి విషయం మాత్రం అందరికీ పంచుతుంది. నడిపేది విమానయాన శాఖ కాదు, నాసా. శిక్షించే చెయ్యి, వినే చెవి ఒకే ఒంటికి ఉండకూడదని వాళ్ళకి అర్థమైంది.

ఇంకొక్క మాట, పనిముట్టు చావు గురించి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది, ఏళ్ళ తరబడి అక్కడ రాసుకున్నది ముందుగా దించుకోనివాళ్ళకి దక్కలేదు. ఆఫీసుల కోసమని ఫేస్‌బుక్ వాళ్ళు పెట్టిన వర్క్‌ప్లేస్‌ని మూసేస్తున్నామని 2024లో ప్రకటించారు. అమ్మకానికొచ్చినవాణ్ణి "మా రాతలన్నీ మామూలు ఫైళ్ళుగా మేము ఎప్పుడైనా పట్టుకెళ్ళొచ్చా?" అని అడగండి. నసిగితే పంపించెయ్యండి.

మా మేనల్లుడి సెక్షన్‌లో చివరికి కొన్నదేమీ లేదు. వాట్సాప్‌ని ముచ్చట్లకి అలాగే ఉంచారు. నెలకొకసారి సబ్‌స్టేషన్‌లో కూర్చుని, ఆ నెల వచ్చిన చిట్కాల్లో నిలబడినవాటిని అందరూ చూడగల ఒక పేజీలో తెలుగు లిపిలోనే ఎక్కిస్తున్నారు. నైట్ షిఫ్టు ఆపరేటర్ ఒకతనికి టైపింగ్ వచ్చు, రాత పని అతనిది. ప్రతి చిట్కా పక్కన చెప్పినవాడి పేరు, తేదీ, ఆపైన 'ఇది తప్పు, ఎందుకంటే' అని ఒక గడి. ఎర్త్ రాడ్ల సంగతి మొదటి వరసలో ఉంది. ఆ పెద్దాయనే ఒప్పుకుని గడి నింపించాడు, ఏఈ గారు లేని రోజు. ఇప్పుడు ఆ పేజీ మార్చే హక్కు తన ఒక్కడికే ఉండాలని ఏఈ గారు పట్టుబడుతున్నారు. వచ్చే నెల మీటింగులో దాని మీదే తగువు.